లైట్‌హౌసుల దగ్గర ఆగిన చెల్లెలు

కుట్టుపని చేసే చెల్లెలికి ఒక పట్టుదల ఉంది. చేతిలో ఉన్న బట్ట పూర్తవకుండా ఇంకో బట్ట మీద కత్తెర పెట్టదు. ఎవరెంత బతిమాలినా వరస తప్పదు. ఆ పద్ధతినే తీసుకెళ్లి వారపత్రిక మీద కూడా పెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ పత్రికకు చందా కట్టింది అక్క, నిరుడు చెల్లెలి పుట్టినరోజుకి. మొదట్లో చెల్లెలు అట్ట మీది తేదీ నుంచి ఆఖరి పేజీలో ప్రెస్సు పేరు దాకా అక్షరం వదలకుండా చదివింది. తర్వాత ఒక సంచికలో లైట్‌హౌసుల మీద పద్నాలుగు పేజీల వ్యాసం వచ్చి అడ్డంగా కూర్చుంది. రెండు పేరాలు చదివేసరికి కళ్లు మూతలు పడేవి. అది కానిదే ముందుకు కదలకూడదాయె! ఈలోగా పోస్టు వారం వారం వస్తూనే ఉంది. కవరు విప్పని సంచికలు పదకొండు, బీరువాలో దుప్పట్ల కింద చేరాయి.

అయినా పత్రిక వచ్చే గురువారమంటే ఆమెకు ఎంత సంబరమో! కిటికీ దగ్గర నిలబడి, పల్చటి ప్లాస్టిక్ కవరులోంచి అట్ట బొమ్మను తనివితీరా చూసుకుని మరీ దాచేది.

ఆ ఆదివారం అక్క వచ్చింది. "చందా ఈ నెలతో అయిపోతోందే. మళ్లీ కట్టనా?"

కట్టమంటే అక్కను మోసం చేసినట్టు. వద్దంటే గురువారాలు బోసిపోతాయి. చెల్లెలు ఏదో ఒకటి తేల్చుకునేలోపే, చలేస్తోందంటూ అక్క దుప్పటి కోసం బీరువా తెరిచింది. సంచికలన్నీ జారి కాళ్ల మీద పడ్డాయి.

అక్క ముఖం చిన్నబోయింది. "నచ్చలేదని ఒక్క ముక్క చెప్తే పోయేదిగా. ఇలా దాచాలా?"

"నచ్చకపోవడమేంటక్కా! లైట్‌హౌసుల దగ్గర ఇరుక్కుపోయాను," అంటూ తన గోడంతా వెళ్లబోసుకుంది చెల్లెలు.

"ఏ లైట్‌హౌసులు?"

"అదే, నీలం అట్ట సంచికలో."

"అలాంటిదొకటి వచ్చిందా?"

చెల్లెలు నోరు తెరిచింది. "నువ్వూ తెప్పించుకుంటావుగా!"

"తెప్పించుకుంటే? ఉత్తరాలు, గళ్ల పజిలు, డాక్టరు గారి జవాబులు చదువుతాను. మనసైతే ఒక కథ. మిగతావి బొమ్మలు చూసి తిప్పేస్తాను. నాకేమన్నా పరీక్షలున్నాయా?"

"పాపం, రాసినవాళ్లు ఏమనుకుంటారు?"

"వాళ్లొచ్చి నీచేత అప్పజెప్పించుకుంటారటే, పిచ్చి మొహమా? నీ సరదాకని కడితే దీన్ని కూడా పని చేసుకు కూర్చున్నావు!"

అక్క ఒక కవరు చింపి, పత్రికను నడిమికి విప్పి చేతిలో పెట్టింది. మధ్యలోంచి మొదలుపెట్టడం చెల్లెలికి, చొక్కా కత్తిరించకుండానే కాజాలు కుట్టినట్టు ఇబ్బందిగా అనిపించింది. అయినా చూపు పేజీ మీదికి పోనే పోయింది. ఎవరో అత్తగారు డాక్టరు గారిని అడిగింది: 'మా అల్లుడి గురక అంటుకునే జబ్బా? ఈమధ్య మా అమ్మాయి కూడా పెడుతోంది.'

చెల్లెలు పకపకా నవ్వింది.

"ఏంటే అది? పైకి చదువు!"

"ఉండక్కా, ముందు జవాబు చూడనీ. ఈలోపు నువ్వు ఆ చందా కాగితం నింపు."