పడవలో రెండో చోటు

సింగపూరు షిప్‌యార్డు వాళ్ళ వార్షిక విందులో లక్కీ డ్రా తీస్తే భద్రయ్య నంబరు పలికింది. ఆరేళ్ళుగా వెల్డింగు చేస్తున్న యార్డులో తన పేరు మైకులో వినడం అతనికి అదే మొదటిసారి. రైస్ కుక్కరో, గోడ గడియారమో అనుకుంటూ వేదికెక్కితే చేతిలో ఒక కవరు పెట్టారు. సెప్టెంబరు మూడో ఆదివారం, పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా, సెంబవాంగ్ రేవు నుంచి పడవలో పండుగప్ప చేపల వేట. పడవ, నడిపే మనిషి, గాలాలు, ఎర, మధ్యాహ్నం భోజనం అన్నీ వాళ్ళవే. ఇద్దరికి.

ఆ రెండో మనిషి ఎవరన్నది భద్రయ్యకు వేదిక దిగకముందే తెలుసు. సూపర్‌వైజరు రాజారావుకు కూడా తెలుసు, కాకపోతే ఆయన లెక్క వేరు. గాలాల పిచ్చి ఉన్న మనిషి. ఆదివారం వస్తే రేవు వదలడు. భద్రయ్య కుర్చీలో కూర్చోగానే వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"ఏం భద్రయ్యా, మనిద్దరమే గదా? నా రాడ్లు తెస్తాను. నీకు కూడా ఒకటిస్తాలే."

భద్రయ్య నవ్వి ఊరుకున్నాడు. అక్టోబరులో పని పర్మిట్లు పొడిగించే జాబితా రాజారావు చేతి మీదుగానే పైకి వెళుతుంది. ఆ నవ్వును ఆయన ఔనని తీసుకున్నాడు. పక్క మంచం తిరుమలేష్ డార్మిటరీలో తిట్టినంత పనిచేశాడు. "సార్ను తీస్కపో. గింత దానికి ఆలోచనేంది? పిచ్చోనివా?"

భద్రయ్య మనసులో ఉన్నది నూకాలమ్మ. అతని భార్య. ఉప్పాడ పిల్ల. తండ్రితో పాటు చిన్న నావలో ఉప్పుటేరంతా తిరిగి, చేతి గాలంతో పండుగప్పలు లాగిన మనిషి. కాకినాడలో వెల్డింగు నేర్చుకున్న భద్రయ్యకు చేపల సంగతి ఏమన్నా తెలుసంటే అది ఆమె చెప్పిందే. రెండేళ్ళ కిందట ఆమె కూడా సింగపూరు వచ్చింది, జురాంగ్ వెస్ట్‌లో ఒక హైదరాబాదీ కుటుంబంలో పనికి. సాదత్, నిగార్ ఇద్దరూ కంప్యూటర్ ఇంజనీర్లు. ఇంటర్నెట్ మోజులో ఊళ్ళో ఏ కంపెనీ చూసినా మనుషులు చాలని రోజులవి. ఆ ఇంట్లో దీపాలు ఎప్పుడు ఆరేవో, ఎప్పుడు వెలిగేవో ఎవరికీ తెలిసేది కాదు. ఐదేళ్ళ అలీనా నూకాలమ్మ చేతుల్లోనే పెరుగుతోంది. నెలకొక ఆదివారం, నాలుగు గంటలు సెలవు. మొగుడూ పెళ్ళాం ఒకే ఊళ్ళో ఉండి, రెండేళ్ళలో ఒక్క పూర్తి రోజు కలిసి గడిపింది లేదు.

సెలవు అడగడానికి భద్రయ్యే వెళ్ళాడు. నిగార్ తలుపు సగం తెరిచి, మెడలో ఆఫీసు బిళ్ళ తియ్యకుండానే నిలబడి విన్నది.

"ఆ ఆదివారమేనా? ఆ రోజే మా బ్యాంకు సిస్టమ్ లైవ్ అవుతది భద్రయ్యా. సాదత్ శనివారం రాత్రి నుంచే ఆఫీసుల ఉంటడు. నేను ఎనిమిదింటికి పోవాలె. పాపను ఎవరు చూస్తరు?"

"మళ్ళీ దొరకదు మేడమ్. తారీకు ఆళ్ళు వేసేశారు."

వెనక వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నూకాలమ్మ వింటోందని ఇద్దరికీ తెలుసు. నిగార్ నుదురు రుద్దుకుంది. "కింది ఫ్లోర్ ఆంటీని అడుగుత. ఆరింటికల్లా ఇంట్ల ఉండాలె. ఆరంటే ఆరే."

గురువారం భద్రయ్య రాజారావుకు చెప్పేశాడు. ఆయన వెంటనే కోప్పడలేదు. "ఆడమనిషిని చేపల వేటకా?" అని పెద్దగా నవ్వి, చుట్టూ ఉన్నవాళ్ళను కూడా నవ్వించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "పనిమనుషులకు ఆదివారం పూట అంత తేలిగ్గా సెలవు దొరకదయ్యా. నేను రేవులోనే ఉంటా. ఆవిడ రాకపోతే చోటు వృథా ఎందుకు?"

ఆదివారం ఆరున్నరకే భద్రయ్య రేవుకు చేరాడు. రాజారావు అప్పటికే ఉన్నాడు. రెండు రాడ్లు, ఎరల పెట్టె, తెల్ల టోపీ. పడవ నడిపే మలయ్ పెద్దాయన, అందరూ అంకుల్ అనేవారు, ఇంజను తుడుచుకుంటున్నాడు. ఏడైంది. రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది. అందులోంచి నూకాలమ్మ దిగలేదు. ఏడుంపావైంది. అంకుల్ నీళ్ళకేసి చూపించి, పోటు తిరుగుతోందని సైగ చేశాడు. "ఫైవ్ మినిట్ ఓన్లీ."

రాజారావు మెట్లు దిగి, పడవలోకి కాలు వేసి, రెండో చోట్లో కూర్చున్నాడు. రాడ్లు పక్కన సర్దుకున్నాడు.

"రావయ్యా. ఏదో ఇబ్బంది వచ్చుంటుంది. ఏం చేస్తాం."

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. నూకాలమ్మ రాకపోవచ్చు. ఎక్కి కూర్చుంటే రోజు గడిచిపోతుంది, పర్మిటు వస్తుంది, అందరూ మంచివాళ్ళే. ఎక్కడానికి కాలు కూడా ఎత్తాడు. ఎత్తిన కాలు మళ్ళీ మెట్టు మీదే పెట్టాడు.

"సార్, దిగండి."

"ఏంటి?"

"ఆవిడ వస్తే వెళ్తాను. రాకపోతే పడవ వెళ్ళదండి. దిగండి సార్."

రాజారావు టోపీ సరిచేసుకున్నాడు. తర్వాత రాడ్లు ఒక్కొక్కటే తీసుకుని, తొందర లేకుండా దిగాడు. పక్కగా వెళుతూ, "సరే భద్రయ్యా," అన్నాడు. అంతే. భద్రయ్య అదే మెట్టు మీద రోడ్డు కేసి తిరిగి నిలబడ్డాడు.

అంకుల్ గొణుగుతూనే ఆగాడు. పది నిమిషాలకు టాక్సీ వచ్చింది. నూకాలమ్మ చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అలీనాకు జ్వరం వచ్చిందట. మేడం మొదట వెళ్ళొద్దందట. తర్వాత ఫోనులో సారు మీద తమ భాషలో గట్టిగా కేకలేసిందట. సారు ఆఫీసు వదిలి ఇంటికొచ్చాడు. మేడమే కిందికి దిగి టాక్సీ ఎక్కించింది.

పడవ కదిలి, రేవు చిన్నదయ్యాక నూకాలమ్మ అడిగింది. "ఆ తెల్ల టోపీ ఆయనెవరు? గేటుకాడ నన్నట్టా సూశాడేం?"

భద్రయ్య దాచలేకపోయాడు. అంతా విని ఆమె మొహం గట్టిపడింది.

"దిగమన్నావా? పర్మిటు రాసే మనిషినా?"

"నువ్వొస్తావని..."

"నేను రాకపోతే కొంపేం మునిగేది? ఊళ్ళో మన పిల్ల లత చదువు సగంలో ఉంది. రేపు నిన్ను ఇంటికి తోలేస్తే నేనిక్కడ, నువ్వక్కడ. నాలుగు గంటల ఆదివారం కూడా పోద్ది. నన్నొక్క మాటడిగావా మావా?"

ఆమె అటు తిరిగి కూర్చుంది. సముద్రంలో గుంజలు పాతి, వలలు కట్టి చేపలు పెంచే కెలాంగ్ పక్కన అంకుల్ పడవ ఆపాడు. వలలోంచి తప్పించుకున్నవి అక్కడే తిరుగుతుంటాయట. ఇచ్చిన రాడ్డు ఆమె ముట్టలేదు. తీగ విప్పుకుని, బతికున్న రొయ్యను గాలానికి గుచ్చి, చేత్తోనే వదిలింది. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. పడమటి వైపు మబ్బు నల్లగా లేస్తోంది. అంకుల్ మాటిమాటికీ దాన్నే చూస్తున్నాడు.

తీగ ఒక్కసారి ఆమె వేళ్ళలోంచి జారింది. ఆమె లాగలేదు, వదిలింది. మూడు బారలు పోనిచ్చి అప్పుడు బిగించింది. నీళ్ళు పగిలాయి. తెల్లటి పండుగప్ప మనిషి నడుమెత్తు ఎగిరి, తల విదిలించి పడింది.

"గుంజల్లోకి పోతంది! పడవ ఎనక్కి లాగమను!"

భద్రయ్య ఆమె మాట అంకుల్‌కు అరిచి చెప్పాడు, ఆయన ఇంజను తిప్పాడు. తీగ ఆమె అరచేతిని కోసింది. నెత్తురు మణికట్టు మీదికి దిగుతుంటే భద్రయ్య అందుకోబోయాడు.

"ముట్టుకోకు! సడలితే మొప్పలంచుతో తెంపుకుపోద్ది. నన్ను పట్టుకో."

అతను ఆమె నడుము పట్టుకుని, కాళ్ళు చెక్కకు తన్నిపెట్టాడు. చేప రెండుసార్లు గుంజల వైపు తిరిగింది. రెండుసార్లూ ఆమె దాన్ని తిప్పింది. పడవ పక్కకు వచ్చినప్పుడు భద్రయ్య కర్రకు కట్టిన చిక్కం దించితే గురి తప్పింది. చేప మళ్ళీ లోతుకు పోయింది.

"తోక్కాదు, తల కిందనించి! ఎన్నిసార్లు సెప్పాను నీకు!"

రెండోసారి తల చిక్కంలో పడింది. ఇద్దరూ కలిసి లాగితే చేపతో పాటు బోలెడు నీళ్ళు పడవలోకి వచ్చాయి. అదే సమయంలో చినుకులు మొదలయ్యాయి. అంకుల్ మలయ్ భాషలో పండుగప్ప పేరెత్తి, "సియాకప్! బిగ్ వన్!" అని చప్పట్లు కొట్టాడు. భద్రయ్య నవ్వుతూ ఆమె కేసి చూశాడు. నూకాలమ్మ కోసుకున్న చేతిని వానలో పట్టి కడుక్కుంటోంది. ఆమె పెదవులు కూడా కాస్త కదిలాయి.

"బాగుంది," అంది. "అయినా నువ్వు సేసింది తప్పే."

గాలివాన తగ్గేదాకా కెలాంగ్ చూరు కింద తలదాచుకున్నారు. ఒకే పళ్ళెంలో అన్నం తిన్నారు. ఆమె ఊరి సంగతులు చెప్పింది, అతను విన్నాడు. తిరిగొచ్చాక రేవులో కొళాయి దగ్గర కూర్చుని ఆమె చేపను కోసింది. తలా తోకా డార్మిటరీకి, ఒక వైపు నిగార్ ఇంటికి. మంచి నడిమి ముక్కలు మాత్రం విడిగా సంచిలో కట్టి భద్రయ్యకిచ్చింది.

"ఇయి రాజారావు గారికి. నా పేరు సెప్పి ఇయ్యి."

ఆరుకు ఐదు నిమిషాలుందనగా ఆమెను జురాంగ్ వెస్ట్ ఫ్లాటు లిఫ్టు దగ్గర దింపాడు.

ఆ రాత్రి రాజారావు సంచి తీసుకున్నాడు. ముక్కలు తాజాగా ఉన్నాయన్నాడు. సోమవారం పొద్దున భద్రయ్యను ఓడ అడుగు ట్యాంకుల్లో వెల్డింగుకు వేశాడు. నిలబడితే నెత్తి తగిలే ఇరుకు, ఊపిరాడని వేడి. అక్టోబరు జాబితా వచ్చేదాకా భద్రయ్యకు కంటినిండా నిద్ర లేదు. జాబితాలో చిట్టచివర అతని పేరుంది. యార్డులో ఓడలు వరసకట్టి ఉన్నాయి, వెల్డర్లు చాలడం లేదు. పేరు రాజారావు రాశాడో, పై ఆఫీసు వాళ్ళు చేర్చారో అతనికి ఎప్పటికీ తెలియలేదు. ట్యాంకుల పని మాత్రం ఏడాది దాకా తప్పలేదు.

జాబితా వచ్చాక మొదటి సెలవు ఆదివారం జురాంగ్ ఈస్ట్ స్టేషను బల్ల మీద నూకాలమ్మ అతని ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చూసింది. సంచిలోంచి కొబ్బరినూనె తీసి రాయడం మొదలుపెట్టింది.

"ఈసారి ఇట్టాంటిది తగిలితే ఆయన్ని తీసుకెళ్ళు," అంది తలెత్తకుండా.

"వెళ్ళను."

"ఎళ్ళవా?"

"ఎళ్ళను."

ఆమె అతని రెండో చెయ్యి కూడా ఒళ్ళోకి లాక్కుంది. రైలు వచ్చి జనం దిగారు. ఇంకా మూడు గంటలుంది.