ఆ మాట ఎవరిది

శనివారం పొద్దున సువార్త చింతపండు నానబెట్టుకుని చర్చి గుడి గిన్నెలు తోమబోతుంటే, పక్క క్వార్టర్ సుసన్నా వచ్చి గడపలోనే నిలబడిపోయింది. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చునే మనిషి.

"అక్కా, ఈ వారం సంస్కారం గిన్నెలు నన్ను తోమమన్నడు పాస్టరయ్యగారు" అంది నేల చూస్తూ.

ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ గిన్నెలు తోమడం, బల్ల మీది తెల్లబట్ట ఉతికి గంజి పెట్టడం, రొట్టె కాల్చడం సువార్త పెళ్లయి గోదావరిఖని వచ్చినప్పటి నుంచీ ఆమె పనే. భర్త యోనా గనిలో హాజరు రాసే గుమాస్తా, ఆదివారం గుళ్లో సంఘ పెద్దల బెంచీ మీద కూర్చునే మనిషి. "పెద్దల పెండ్లాలకు దేవుడిచ్చిన భాగ్యం బిడ్డా గిది" అంటూ అత్త చేతిలో పెట్టిన పని. భాగ్యమో చాకిరో తేల్చుకునే తీరిక ఇన్నేళ్లలో దొరకలేదు. ఇప్పుడు ఎవరో లాగేసుకుంటుంటే మాత్రం గిన్నెల మూటను దగ్గరికి లాక్కుంది.

"ఎందుకట?"

"నాకేమెరుక" అని గిన్నెల మూట ఎత్తుకుంది సుసన్నా. వాకిట్లోకి పోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "నువ్వు పత్రికలకు కథలు గిట్ల రాస్తవా అక్కా?"

సువార్తకు నవ్వొచ్చింది. మిషను బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివింది నిజమే. పెళ్లయ్యాక పుట్టింటికి కార్డు ముక్క తప్ప రాసింది లేదు. కానీ సుసన్నా నవ్వలేదు. ఆ సాయంత్రం నల్లా దగ్గర బిందె పెట్టగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరిదో గొంతు: "మెల్లగ మాట్లాడుండ్రి. రేపు అచ్చయితది."

ఇంటికొచ్చి యోనాని అడిగింది. అతను అన్నం కలుపుతూ, "ఏదో వారపత్రికల కథ పడ్డదట. దేవున్ని దూషించిన్రట. మన సంఘం పోరగాండ్లు రామగుండం స్టేషన్ల కాపీలన్ని కొనుక్కొచ్చి బస్టాండు కాడ కాలవెట్టిన్రు. నీకెందుకు గవన్ని, చారు పొయ్యి" అన్నాడు. రోజూ పేపరు చదివి సగం ఊరికి వినిపించే మనిషి, తలెత్తి చూడలేదు. తన మనసు నొవ్వకూడదని దాస్తున్నాడనుకుంది సువార్త.

మర్నాడు గుళ్లో తోమాసు అయ్యగారు ప్రసంగం మధ్యలో ఒక పత్రికను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తాడు. కథ కింద రాసినవాళ్ల పేరుకు బదులు 'ఒక తల్లి' అని ఉందట. బొగ్గుబాయి ఊళ్లో బిడ్డను పోగొట్టుకున్న క్రైస్తవురాలి కథ. "ఆమె ఏమంటుందో వినండి" అని చదివాడు: "దేవుని ఇంట్ల ఒక్క ఆడమనిషి ఉన్నా, పాలు గడ్డకట్టిన రొమ్ముల సలుపు ఎట్లుంటదో ఆయనకు చెప్పేది."

"దూషణ!" అన్నారు ఎవరో. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ల తలలన్నీ సువార్త వైపు తిరిగాయి. ఆ ఏడు సంఘంలో చంటిబిడ్డ పోయింది ఆ ఒక్క ఇంట్లోనే.

సువార్తకు తలలు కనిపించలేదు. పాపను మట్టిలో పెట్టి వచ్చాక పాలు పొంగి రాయిలా బిగుసుకున్నాయి. "రొమ్ములకు మల్లెపూలు కట్టుకో, పాలు తగ్గుతయి. ఏడ్వకు, దేవుడిచ్చిండు దేవుడే తీస్కపోయిండు" అని అత్త అరుగు మీద నుంచే చెప్పింది. తను స్నానాల గదిలో గోడకు నుదురు ఆనించి, పాలు రాతి మీదకు పిండుతుంటే యోనా వచ్చి నిలబడ్డాడు. అప్పుడు అంది ఆ మాట. అతనికి మాత్రమే అంది. అతను తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. తన కాపురంలో మంచి గడియ ఏదని ఎవరైనా అడిగితే ఆ ఏడుపునే చూపించి ఉండేది. ఆ రోజు అతను ఏడుస్తూనే మాటను మూట కట్టుకున్నాడా? చెయ్యి భర్తదై, చెవి ఇంకెవరిదో అయిందా? పెద్దల బెంచీ వైపు చూసింది. యోనా పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు.

ఇంటికొచ్చి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "పాల మాట నేను నీకొక్కనికే చెప్పిన."

యోనా లేచి కిటికీ మూశాడు. ఒప్పుకోవడానికి అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు.

"కథల నీ పేరు లేదు గద" అన్నాడు.

"ఒక తల్లి అని పెట్టినవ్. తల్లివి నువ్వా?"

"ఆడమనిషి రాసినట్టుంటెనే గా మాటకు బలమొస్తది. గది సాహిత్యం సువార్తా. రాసెటోనికి స్వేచ్ఛ ఉండాలె. కాయితాలు కాలవెట్టుడు ఎంత అన్యాయం, నువ్వే చెప్పు."

అన్యాయమే. బస్టాండు దగ్గర కాలింది తన సలుపు. ఆ మాట వరకు అతనిది తప్పని ఆమె అనలేకపోయింది. "అయితె లేచి చెప్పు, నేనే రాసిన్నని."

"నన్ను పెద్దరికం నుంచి తీసేస్తరు. నువ్వయితె ఆడమనిషివి. బిడ్డ పోయిన దుఃఖంల రాసిందని జాలి పడ్తరు. ఒక్కసారి తప్పయిందను, గంతే."

బుధవారం సంఘ పెద్దల కబురు రానే వచ్చింది. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాలి. లేదంటే ఆమె ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు, ఆదివారం బడిలో పిల్లలకు పాటలు నేర్పకూడదు, రేపు కన్నుమూస్తే సమాధుల తోటలో, పాప పక్కన చోటు కూడా ఉండదు. ఆ చివరి మాట విన్నాక ఆమె చాలాసేపు పొయ్యి ముందు నుంచి లేవలేదు.

శుక్రవారం సుసన్నా మళ్లీ వచ్చింది. "నిజం చెప్పు అక్కా, నువ్వే రాసినవా?"

అయ్యగారు పంపితే వచ్చిందేమో. సువార్త బియ్యం చెరుగుతూనే ఉంది. సుసన్నా పీట లాక్కుని కూర్చుని, "నాకు ఇద్దరు పోయిన్రు అక్కా. గా మాట వినంగనే నా రొమ్ముల సలుపు మల్లొచ్చింది. అయ్యగారు కాలవెట్టుమని ఇచ్చిన కాపీని కాలవెట్టకుంట బియ్యం డబ్బల దాసిన. చదువుతవా?" అంది.

సుసన్నా ఇంట్లో తలుపు గొళ్లెం పెట్టుకుని చదివింది సువార్త. మాటలన్నీ తనవే. ముగింపు మాత్రం తనది కాదు. కథలో ఆ తల్లి దేవుణ్ణి నిందించాక, విశాల హృదయుడైన భర్త ఆమెను కూర్చోబెట్టి దేవుని చిత్తం వివరిస్తాడు. ఆమెకు జ్ఞానోదయమై అతని పాదాల మీద పడి ఏడుస్తుంది. అయ్యగారు అంతదాకా చదవనే లేదు కాబోలు.

ఒకరు సగం చదివి కాల్చారు. ఒకరు సగం విని రాశారు.

ఆదివారం గుడి నిండిపోయింది. సువార్త కొంగు దోపుకుని లేచి నిలబడింది.

"ఆ కథ నేను రాయలేదు అయ్యగారూ" అంది.

బెంచీ మీద యోనా మొహంలో రక్తం లేదు. "అయితే ఎవరు రాశారమ్మా?" అన్నాడు తోమాసు అయ్యగారు. సువార్త నేలనే చూసింది, చూపు ఎక్కడ యోనా వైపు పోతుందోనని. ఇంకా అతన్ని కాపాడుతూనే ఉన్నానని అప్పుడు తెలిసి ఒళ్లు మండింది.

"రాసినోళ్లకు నోరుంది. చెప్పుకుంటరు" అని ఆగింది. బెంచీ మీద నుంచి ఎవరూ లేవలేదు. "గా పాల మాట మాత్రం నాదే. నేనన్న. దేవుడే ఇన్నడు, ఆయన కోపం చెయ్యలే. మీకెందుకు కోపమొచ్చిందో నాకు తెల్వదు. తప్పయిందని నేననను."

ఆడవాళ్ల చాపల్లోంచి సుసన్నా ఎక్కిళ్లు వినిపించాయి. అయ్యగారు ఆమెను బల్ల నుంచి తీసేస్తున్నామని చదివి, ప్రార్థన ముగించాడు.

ఎండలో ఇంటికి నడుస్తుంటే యోనా వెనక నుంచి వచ్చి కలిశాడు. భయం దిగిపోయిన మొహం వెలిగిపోతోంది. "ఎంత మాటన్నవ్ సువార్తా! దేవుడే ఇన్నడు, ఆయన కోపం చెయ్యలే... ఇంత బలమైన మాట నేనెన్నడు ఇనలే. అప్పుడు నీ మనసుల ఏముండె? ఇంకేమేమనిపించింది, చెప్పు."

"శానా అనిపించింది" అంది సువార్త. "నీకు చెప్ప. నేనే రాసుకుంట."