ఆమెన్ రాని గ్లాసు

ఆళ్లగడ్డలో బాలమ్మ ఇంట్లో అన్నం వడ్డించగానే ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. ముందు బాలమ్మ ప్రార్థన చెయ్యాలి, చివర్లో ఆమెన్ రావాలి, ఆ తర్వాతే ముద్ద. క్రైస్తవుల ఇళ్లలో ఇది మామూలే. కాకపోతే మిగతా ఇళ్లలో ఆమెన్ అనేది మనిషి అనే మాట. బాలమ్మకు అది తనంతట తాను వచ్చే మాట. తిండి బాగుంటే రెండు వాక్యాలకే వచ్చేస్తుంది. తిండిలో తేడా ఉంటే రాదు. అది రానంతసేపూ బాలమ్మ కళ్లు తెరవదు, నోరు ఆగదు.

ఈ సంగతి కోడలు మహాలక్ష్మికి కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. పొద్దున్నే బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి అందరికీ పెట్టింది. అత్త వానకు స్తోత్రం చెప్పింది, ఎండకు చెప్పింది, కేసీ కాలువలో నీళ్లకు చెప్పింది, కాలువ తవ్విన వాళ్లకు కూడా చెప్పింది. ఉగ్గాని చల్లారిపోయింది. మొగుడు ఎడ్విన్ కళ్లు మూసుకునే, వంటింట్లోకి పోయి చూడమని గొణిగాడు. పోయి చూస్తే పుట్నాల డబ్బా అడుగున బూజు. అందరి కంచాలూ తీసేసి మళ్లీ వండింది. ఆరోజు అత్త మీద ఆమెకు చచ్చేంత కోపం వచ్చింది, తర్వాత అలవాటైపోయింది.

దొర్నిపాడులో ఒక పెళ్లిలో పాస్టరుగారు బాలమ్మను ప్రార్థన చెయ్యమన్నారు. పెళ్లికొడుకు తరఫు వాళ్ల ఆకలి నశించేదాకా అది సాగింది. చివరికి వంటమేస్త్రీ షామియానా వెనకనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, కోళ్లు నిన్న కోసినవని ఒప్పుకున్నాడు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల వంటమేస్త్రీలు బయానా తీసుకునే ముందు, ఆ పెద్దమ్మ వస్తుందా అని కనుక్కోవడం మొదలుపెట్టారు. పక్కిళ్ల వాళ్లు పాలమీద అనుమానం వస్తే గిన్నె పట్టుకొచ్చి బాలమ్మ ముందు పెడతారు. ఇందులో వింత ఏమీ ఉన్నట్టు ఎవరికీ తోచలేదు. ఆ వీధిలో ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి షుగరు, బాలమ్మకు ఇది.

బాలమ్మ మనవరాలు, ఎడ్విన్ కూతురు జ్యోత్స్న నంద్యాలలో హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. మెస్సులో కళ్లు మూసుకుని కూర్చుంటే వెనక వాళ్లు చూస్తారని సిగ్గు. అందుకని గరిటె కంచం మీద ఉండగానే లోపల్లోపల అనేసుకుంటుంది. ఆమెన్ కూడా అందులోనే అయిపోయేది. అది తాను అంటోందో, దానంతటది వస్తోందో ఎప్పుడూ ఆలోచించలేదు.

హాస్టల్లో ఆమె గదిలో ఉండేది కావ్య, శిరివెళ్ల పిల్ల. కావ్యకు చిన్నప్పటినుంచి ఫిట్స్. రోజూ మాత్ర వేసుకుంటే ఏమీ ఉండదు. కానీ ఆ మాట బయటికి పొక్కితే రేపు సంబంధాలు రావని వాళ్లమ్మ భయం. మాత్రలు పౌడరు డబ్బాలో దాచుకునేది. ఆ డబ్బా సంగతి జ్యోత్స్నకు ఒక్కదానికే తెలుసు.

వినీత్ అదే కోచింగులో వీళ్లకంటే ముందు చదివినవాడు. బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, డోన్‌లో పోస్టింగు. వాళ్ల నాయన స్టీఫెన్ నంద్యాలలో హెడ్మాస్టరు. ఇరుపక్కలా మాటలు అయిపోయాయి, ప్రధానానికి, అంటే నిశ్చితార్థానికి, తేదీ ఒక్కటే మిగిలింది. ఈ పెళ్లి పెద్దవాళ్లు తెచ్చి నెత్తిన పెట్టింది కాదు. జ్యోత్స్నకూ కావాలి. వినీత్ ఎక్కడుంటే అక్కడ నవ్వులుంటాయి, అతను పక్కన ఉంటే పరీక్షల బెంగ కూడా మరిచిపోయేది. డోన్‌లో అద్దె ఇల్లు ఎలా సర్దుకోవాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

ఉద్యోగం వచ్చినందుకు వినీత్ స్నేహితులకు పార్టీ ఇచ్చాడు. మహానంది పోయే దారిలో ఒక మామిడితోట, పట్టపగలు, బిర్యానీ. కావ్యను తోడు తీసుకుపోతానంటే ఎడ్విన్ ఫోన్లో సరేనన్నాడు. ఎవరు ఏమిచ్చినా తాగొద్దని, గ్లాసు వదిలిపెట్టి అటూ ఇటూ పోవద్దని చెప్పాడు. జ్యోత్స్న ఊఁ కొట్టింది. అవి తెలియని మనుషుల గురించి చెప్పే మాటలని తండ్రీ అనుకున్నాడు, కూతురూ అనుకుంది.

తోటలో అందరికీ ఆరెంజి కూల్‌డ్రింకు పోశారు. ఇంతలో వినీత్ ఫొటో దిగుదామని అందర్నీ చెట్ల కిందికి పంపి, తాను వెనక వచ్చాడు. గ్లాసులు బల్లమీదే ఉండిపోయాయి. తిరిగొచ్చేసరికి బిర్యానీ వడ్డించారు. వినీత్ నవ్వుతూ, మీ అవ్వ మాదిరి నువ్వే ప్రార్థన చెయ్యి, బిర్యానీ మంచిదో కాదో తేలిపోతుంది అన్నాడు. అందరూ నవ్వి, ఫోన్లు పక్కన పెట్టి, మర్యాదగా కళ్లు మూసుకున్నారు.

కావ్య మాత్రం మూసుకోలేదు. ఆమెకు ప్రార్థన అయ్యేదాకా ఆగాలన్న పట్టింపేమీ లేదు. ఎండలో నడిచి వచ్చింది, దాహం. గ్లాసు ఎత్తి సగం పైనే తాగేసింది.

జ్యోత్స్న తన గ్లాసు చేతిలో పట్టుకుని మొదలుపెట్టింది. ఈ ఆహారానికి స్తోత్రం, వండిన చేతులకు స్తోత్రం అంది. ఆమెన్ అందామని నోరు తెరిస్తే వినీత్ ఉద్యోగానికి స్తోత్రం అని వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే మామిడిచెట్లకు వచ్చింది. కుందూ నదికి, సోనామసూరి బియ్యానికి, తోటకు తీసుకొచ్చిన ఆటోకు, ఆటో టైర్లకు వచ్చింది. పావుగంట దాటింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో తినడం మొదలుపెట్టిన చప్పుడు. జ్యోత్స్నకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అవ్వకు వచ్చినట్టే తనకూ వచ్చిందని తెలిసి భయం వేసింది. ఇంతలో కావ్య తల ఆమె భుజం మీద పడింది.

అప్పుడు జ్యోత్స్న, బాలమ్మ ఇంట్లో ప్రార్థన చేసేవాళ్లెవరూ చెయ్యని పని చేసింది. ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచింది. కావ్య కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. జ్యోత్స్న తన చేతిలో గ్లాసు చెట్టు మొదట్లో ఒంపేసింది. చివరి చుక్క పడగానే ఆమెన్ వచ్చేసింది.

"ఏం కలిపినావ్ ఇందులో?" అంది వినీత్‌ను చూసి.

వినీత్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఏముందీ, రెండు మూతలు వోడ్కా. మీ ఇద్దరికే. ఎప్పుడు చూసినా బిగుసుకోని కూచుంటారు, కొంచెం నవ్వుతారని సరదాకి పోసినా."

"దానికి ఫిట్స్ మాత్రలు నడుస్తాండాయి."

"నాకేం తెలుసు?"

"తెలీదు గదా. మరి ఎట్ల పోసినావ్?"

స్నేహితులు లేచి చుట్టూ మూగారు. ఒకడు మజ్జిగ తాగించమన్నాడు, ఇంకొకడు లోపల గది ఉంది, పడుకోబెడితే దిగిపోతుందన్నాడు. జ్యోత్స్న రెండూ వద్దంది. కావ్యను పక్కకు తిప్పి పడుకోబెట్టి, కక్కుకుంటే నోరు తుడిచింది. పిలిస్తే కావ్య పలకడం మానేసింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది. ఇద్దరు స్నేహితులు చెరో పక్క పట్టుకుంటే, వాళ్లలో ఒకడి కారులో వేసుకుని నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. దారి పొడుగునా కావ్య పొట్ట మీద చెయ్యి పెట్టి, అది లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చుంది. అంత భయం ఆమె ఎప్పుడూ పడలేదు.

వినీత్ బైకు మీద వెనకే వచ్చాడు, లోపలికి మాత్రం రాలేదు. డాక్టరు ఎంత తాగిందని అడిగితే జ్యోత్స్న గేటు దగ్గరికి పరిగెత్తింది. రెండు మూతలు కాస్తా అక్కడ పావు గ్లాసు అయ్యింది, గట్టిగా అడిగితే సగం గ్లాసు అయ్యింది. ఆమె వెనక్కి తిరుగుతుంటే వినీత్ చెయ్యి పట్టుకున్నాడు.

"డాక్టరుకు నా పేరు చెప్పొద్దు జ్యోత్స్నా. జాయినింగ్ ఉండాది."

అతను కావ్య ఎలా ఉందని అడగలేదు. జ్యోత్స్న చెయ్యి విడిపించుకుని లోపలికి పోయి, ఏం తాగిందో, ఎంత తాగిందో, ఏ మాత్రలు వాడుతుందో, ఎవరు కలిపారో అన్నీ చెప్పేసింది.

సమయానికి తెచ్చారన్నారు. మర్నాడు పొద్దునకు కావ్య లేచి కూర్చుంది. ఆమె అడిగిన మొదటి మాట, తన మాత్రల సంగతి ఎంతమందికి తెలిసిపోయిందని. అందరికీ తెలిసిపోయింది. ఆమె దుప్పటి ముఖం మీదికి లాక్కుని చాలాసేపు ఏడ్చింది. కేసు పెడతారా అని పోలీసులు వచ్చి అడిగితే, ఉన్న పరువు కూడా పోతుంది, వద్దని కావ్య వాళ్లమ్మ దండం పెట్టింది. కూతుర్ని శిరివెళ్లకు తీసుకుపోయింది. హాస్టల్ గదిలో ఆ మంచం ఖాళీ అయింది.

ఆ తర్వాత స్టీఫెన్ ఆళ్లగడ్డకు ఫోన్లమీద ఫోన్లు చేశాడు. పిల్లోడు పశ్చాత్తాపపడ్డాడని, మూడురోజులు అన్నం తినలేదని చెప్పాడు. ఎడ్విన్ మొదట మండిపడ్డాడు, తర్వాత మెత్తబడ్డాడు. జ్యోత్స్న తల్లితో, నాకు ఈ పెళ్లి వద్దు అంది.

"ప్రాణమైతే పోలేదు గదమ్మా" అంది మహాలక్ష్మి. "ఒక్కతూరి తప్పు చేసినోడు మళ్లీ చెయ్యడు. సంఘంలో అందరికీ చెప్పుకున్యాం, ఇప్పుడు వద్దంటే మొగం యాడ పెట్టుకోవల్ల?"

జ్యోత్స్న రెండుసార్లు వాదించింది. మూడోసారి, మీ ఇష్టం అని ఊరుకుంది. పెద్దామెకు దిగులెందుకని బాలమ్మకు మాత్రం కావ్యకు జ్వరమొచ్చి తగ్గిందని చెప్పారు.

ప్రధానం తేదీ పెట్టుకోవడానికి స్టీఫెన్, ఆయన భార్య, వినీత్ ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చారు. మహాలక్ష్మి తెల్లవారుజామునే లేచి వండింది. కోడి తమ దొడ్లోది, కళ్లముందు కోసింది. బియ్యం తనే ఏరింది, నీళ్లు తనే కాచింది. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక బాలమ్మ కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఆహారానికి స్తోత్రం చెప్పింది. చుట్టాలకు చెప్పింది. కోడికి చెప్పింది. కోడి తిన్న జొన్నలకు చెప్పింది.

మహాలక్ష్మి చప్పుడు కాకుండా లేచి కోడికూర గిన్నె వరండాలో పెట్టి వచ్చింది. ఆమెన్ రాలేదు. పలావు తీసుకుపోయింది, రాలేదు. ఎడ్విన్ లేచి పెరుగు పట్టుకుపోయాడు. రసం, గోంగూర, అప్పడాలు, ఉప్పు గిన్నె ఒకదాని వెనక ఒకటి బయటికి పోయాయి. చివరికి నీళ్ల జగ్గూ గ్లాసులూ కూడా పోయాయి. బల్లమీద పూలగుడ్డ ఒక్కటే మిగిలింది. బాలమ్మ ఇంకా చెబుతూనే ఉంది.

స్టీఫెన్ ఒక కన్ను తెరిచి ఖాళీ బల్లను చూశాడు, మళ్లీ మూసుకున్నాడు. మహాలక్ష్మి గోడకు ఆనుకుని కళ్లు ఒత్తుకుంటోంది. వంట బాగుందని ఆమెకు తెలుసు, ఇంట్లో అందరికీ తెలుసు. తీసెయ్యడానికి ఇంకేముందో ఎవరూ నోరు తెరిచి అడగలేదు.

బాలమ్మ ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే రాళ్లకు, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దులకు, పేర్లు గుర్తులేని చుట్టాలకు స్తోత్రాలు చెబుతోంది. గొంతు ఎండిపోయింది. మాటకూ మాటకూ మధ్య దగ్గు వస్తోంది. పెద్ద వయసు, ఒళ్లు వణుకుతోంది. ప్రార్థన ముగియకుండా గుక్కెడు నీళ్లు కూడా పొయ్యడానికి లేదు. జ్యోత్స్న అవ్వ మెడ దగ్గర నరాలు చూసింది. ఇంతసేపూ ఆ ముసలి గొంతు ఎవరి బదులు అరుగుతోందో ఆమెకు తెలిసిపోయింది. ఆ నోటికి ఆమెన్ రావాలంటే తాను మింగేసిన మాట బయటికి రావాలని కూడా తెలిసింది.

ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"అవ్వా, ఈ పెళ్లి నేను చేసుకోను."

"ఆమెన్" అంది బాలమ్మ, కళ్లు తెరిచి, నీళ్ల కోసం చుట్టూ చూసింది.

ఎందుకని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ నచ్చజెప్పలేదు. ఆమెన్ అయ్యాక ఇక దాని మీద మాట్లాడేది ఏముంటుంది. ఎడ్విన్ లేచి వరండాలోకి పోయి కోడికూర గిన్నె తెచ్చి బల్లమీద పెట్టాడు. మహాలక్ష్మి ముఖం తుడుచుకుని పలావు తెచ్చింది. వడ్డించిన అన్నం వదిలి లేచిపోయే అలవాటు రెండు కుటుంబాలకూ లేదు. స్టీఫెన్ ముద్ద కలుపుతూ, కూర బాగుందమ్మా అన్నాడు, ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు.

జ్యోత్స్న నీళ్ల జగ్గు పట్టుకుని ముందు అవ్వకు పోసింది. ఆమె తాగేదాకా వీపు నిమిరింది. తర్వాత వరసగా అందరికీ పోస్తూ వచ్చి వినీత్ గ్లాసులోనూ పోసింది. వినీత్ గ్లాసు ఎత్తలేదు. అందులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నీళ్లే" అంది జ్యోత్స్న. "నీ ముందరే పోసినా."

అతను తలొంచుకుని తాగాడు.