విషం పట్టిన పొట్టు

మొగుణ్ణి మట్టిలో పెట్టొచ్చి కాళ్లు కడుక్కుందామని బోరు కొడితే నీళ్లు పసుపుపచ్చగా దూకాయి. ఆమె వాటితోనే కడుక్కుంది. ఏడుపు రాలేదు. గుండె మీద చెయ్యేసి చూసుకుంది. కొట్టుకుంటోంది, అంతే.

వాడలో కిడ్నీలు పాడై పోయినవాళ్లలో అతను నాలుగోవాడు. ఇనప సామానుకు మెరుగుపూత వేసే ఫ్యాక్టరీ వదిలే క్రోమియం, కాలవలోంచి వాడ బోర్లలోకి దిగుతోందని అందరికీ తెలుసు. ఆమె పని చేసేది ఆ పూత తొట్టి దగ్గరే. నాలుగోనాడు మళ్లీ పనిలోకి వెళ్లింది. వెళ్లకపోతే పొయ్యి వెలగదు.

బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ వాడకొచ్చి ఒక డ్రమ్ము పెట్టింది. అడుగున ఇసక, పైన శుద్ధి చేసి ఎండబెట్టిన రంపపు పొట్టు. బోరు నీళ్లు పోస్తే కింద తేటగా దిగాయి.

"విషమంతా పోయినట్టేనా తల్లీ?" అడిగింది కొడుకుని పోగొట్టుకున్న ఆమె అత్త.

"చాలావరకు పొట్టు పట్టేస్తుందమ్మా. అంతా పోదు. నేను పరీక్ష చేసి చెప్పేదాకా తాగకండి."

నెల తిరక్కుండా వీధికో డ్రమ్ము లేచింది. అప్పుడొచ్చాడు మేనేజరు. ఇకమీదట డ్రమ్ములు కంపెనీయే ఇస్తుందట. నీళ్లు బాగున్నాయని వీళ్లు సంతకాలు పెట్టాలట.

సాయంత్రం అందరూ బోరు దగ్గర చేరారు.

"ఊరికే ఇస్తానంటే చేదా?" అన్నాడు తాపీమేస్త్రీ.

"కాలు విరగ్గొట్టినోడు కట్టు కడతానంటే దణ్ణం పెడతావా?" కసిరింది అత్త.

మాటా మాటా పెరిగింది. ఇన్నాళ్లూ నోరు విప్పని ఆమె అప్పుడు మెల్లగా అడిగింది.

"విషం పట్టిన పొట్టు ఎక్కడ పోస్తాం? కాలవలో పోస్తే మళ్లీ మన బోర్లోకే."



"నా భయమూ అదే," అంది టీచరమ్మ.

"ఎవడి సొత్తు వాడికే ఇచ్చేద్దాం," అత్త వంక చూస్తూ అందామె.

తెల్లారి సైరన్ వేళకు ఫ్యాక్టరీ గేటు ముందు మూతి కట్టిన పొట్టు బస్తాలు నిలువెత్తున లేచాయి. మేనేజరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"బుద్ధుందా మీకు? అది ప్రమాదం! ముట్టుకుంటే జబ్బులొస్తాయి!"

"ఆ సంగతి మీకు ముందే తెలుసన్నమాట," అందామె.

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వు కాదు.

పోలీసులు టీచరమ్మనీ, ఆమెనీ వ్యానెక్కించారు. రెక్క పట్టి లాగినా ఆమెకు నొప్పి తెలియలేదు. జాలీలోంచి చూసింది. అత్త వ్యాను ముందు చతికిలబడింది. అత్త పక్కన తాపీమేస్త్రీ కూర్చున్నాడు. గేటు లోపల తొట్ల దగ్గరివాళ్లు ఒక్కొక్కరే మోటార్లు కట్టేసి, చేతి తొడుగులు ఊడదీసి, బయటికొచ్చి వాళ్ల వెనక కూర్చున్నారు.

ఆ పూట కాలవ పారలేదు.