రెండో బటన్

రక్తం పడ్డ రేకును గడియారం సారు రెండు వేళ్లతో ఎత్తి తుక్కు డబ్బాలో పడేశాడు. "ఇదొక్కటే వృథా. మిగతావి బాగానే ఉన్నాయి. నడపండి" అన్నాడు.

పక్క ప్రెస్సు ముందున్న చిన్నకోడలు చేతిలోని రేకు కింద పెట్టేసింది. ప్రెస్సులో నలిగిన ఆమె తోడికోడలి చేతికి ఎవరిదో తలగుడ్డ చుట్టి బయటికి మోసుకుపోతున్నారు. ఆ అక్కే పెళ్లయిన కొత్తలో ఆమెను ఈ డబ్బా మూతల కర్మాగారానికి వెంటబెట్టుకొచ్చింది. "భయపడుతూనే ఉండాలే పిల్లా. భయం పోయిన రోజే వేళ్లు పోతాయి" అని పని నేర్పింది. ఇద్దరూ కలిసి వచ్చేవాళ్లు గనుక ఇక్కడందరికీ ఆమె చిన్నకోడలే.

ప్రెస్సుకు రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒక్కసారి నొక్కితేనే పైనున్న ఇనుప దిమ్మ దిగుతుంది. చేతులు బటన్ల మీదుంటే దిమ్మ కింద వేలుండదు. ఆడవాళ్లు ఎప్పుడో ఒక కిటుకు కనిపెట్టారు. సైకిలు ట్యూబు ముక్కతో ఒక బటన్‌ను బిగించి కట్టేస్తే, ఒక చేత్తో నొక్కుతూ మరో చేత్తో రేకు పెట్టొచ్చు. పని గబగబా తెమిల్చి కాసేపు నడుం వాల్చొచ్చు. వాళ్ల ఆశ అంతవరకే. వృథా తగ్గించి లాభం పెంచుతానని వచ్చి, ప్రతి పనినీ గడియారం పట్టుకుని కొలిచే ఈ సారు కంట్లో ఆ ముక్క పడింది. ఇంకేముంది, ఇక్కడా, రోడ్డవతల కర్మాగారంలోనూ అన్ని ప్రెస్సులకూ కట్టించాడు. "ఒక చెయ్యి ఊరికే ఉండటం వృథా" అన్నాడు. నడుం వాల్చే ఆ కాసేపూ వృథాలోనే కలిసిపోయింది.

"రేపట్నించి మీ అక్క ప్రెస్సు నువ్వే నడపాలి" అని మేస్త్రీ వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "కుదరదంటే గేటు తెరిచే ఉంది."

చేతులు కడిగే కుళాయిల దగ్గర ఆ సాయంత్రం అందరూ గుమిగూడారు. చిన్నకోడలు సబ్బుతో చేతులు రుద్దుకుంటూనే ఉంది.

"మన కిటుకే మన మెడకు చుట్టుకుంది" అంది ప్యాకింగు పెద్దమ్మ. "ఆ గడియారపోడికి మన ఊపిరి కూడా వృథాగానే కనబడుద్ది. రేపు ముక్కుకీ ఓ ట్యూబు కడతాడు చూడండి."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"విప్పేద్దాం" అన్నాడు అచ్చులు బిగించే ఫిట్టరు బాబాయి. "పని మానొద్దు. రెండు చేతులతో చేద్దాం. యంత్రాన్ని ఎట్లా చేశారో అట్లాగే నడుపుదాం."

"నీకేం బాబాయ్, నీ చేతిపని నీకుంది. మమ్మల్ని ఈడ్చి పారేస్తే?" అంది ప్రెస్సు నడిపే ఒకామె.

"ఒకరు విప్పితే ఈడుస్తారు. అందరం విప్పితే ఎందర్ని ఈడుస్తారు?"

"ముందు ఎవరు విప్పుతారో చెప్పు!"

"నాకు భయంగా ఉంది" అంది చిన్నకోడలు, ఎవరూ అడక్కుండానే. పెద్దమ్మ ఆమె తడి చేతిని తన కొంగుతో తుడిచింది. "మాకు లేదనుకున్నావా, పిచ్చిదానా?"

పొద్దున అక్క ప్రెస్సు శుభ్రంగా కడిగి ఉంది. అంచున మాత్రం అక్క చేతి ఎర్ర గాజుముక్క ఇరుక్కుని ఉంది. చిన్నకోడలు దాన్ని ఊడదీసి కొంగున ముడేసుకుంది. వెనక గడియారం సారు చేతిలోని గడియారాన్ని టిక్కుమని నొక్కాడు. "ఊఁ, కానీ."

ఆమె చెయ్యి రేకు దగ్గరికి పోయింది. పైన దిమ్మ వేలాడుతోంది. ఆ చెయ్యి అక్కణ్నించి వెనక్కొచ్చి, ట్యూబు ముడి మీద పడింది. ముడి గట్టిది, గోళ్లకు అందలేదు. పంటితో లాగింది. నోట్లో నూనె చేదు.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? మొదట కట్టుకున్నది మీరేగా!"

"మేమే కట్టాం సారూ." ఆమె ట్యూబు ముక్కను నేల మీదికి విసిరేసింది. "మేమే విప్పుతున్నాం."

షెడ్డంతా ఆగింది. ఒక్కతే మిగిలిపోయానేమోనని ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. అప్పుడు పక్క ప్రెస్సు దగ్గర టప్‌మని ఒక ముక్క నేల మీద పడింది. ఆ వెనక ఇంకోటి. తర్వాత వరసంతా.

రెండు చేతులూ బటన్ల మీద పెట్టి అందరూ నొక్కారు. ధన్. రేకు మార్చి మళ్లీ నొక్కారు. ధన్. నిదానంగా, ఎవరూ ఎవర్నీ తరమనట్టు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. యంత్రం పాడు చేసిందని మేస్త్రీ ఆమెను వేలెత్తి చూపించాడు. "పాడు చేసిందా? బాగు చేసింది!" అని పెద్దమ్మ అరుస్తూనే ఉంది. ఫిట్టరు బాబాయి అడ్డం నిలబడితే లాఠీతో పక్కకు నెట్టారు.

చిన్నకోడల్ని జీపులోకి ఎక్కించారు. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

లోపల ప్రెస్సులు ఆగిపోయాయేమోనని చెవి ఒగ్గింది. ధన్... ధన్... ఆగలేదు, వేగం పెరగలేదు. జీపు గేటు దాటుతుంటే రోడ్డవతల కర్మాగారం వాళ్లు చూసి లోపలికి పరిగెత్తారు. అక్కడ గబగబా కొట్టుకుంటున్న ప్రెస్సుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.

జీపు మలుపు తిరిగేలోపు అక్కణ్నించీ వినబడింది, నిదానంగా. ధన్.