పాత గోతిలో మట్టి

హిల్టా చంకలో మట్టి గంప, కళ్ళు మాత్రం పాత గోతి మీదే. ఆ గోతి అడుగున, ఎండుకొమ్మల కింద ఆమె మొగుడు ఓట్‌కర్ దాక్కుని రెండు రోజులైంది. వెట్టి భరించలేక పారిపోవాలనుకున్నాడు. వెతికేవాళ్ళు అలిసిపోయేదాకా ఉండమని తనే రొట్టె ఇచ్చి దించింది.

మఠంవారి అడవిలో ఇనుపరాయి తవ్వే పద్ధతి ఒకటే. కొత్త గొయ్యి తవ్విన మట్టి పక్కనున్న పాత గోతిలో పొయ్యాలి. ఈసారి తవ్వకం వాగు అవతలే అని మొగుడూ పెళ్ళాం ధీమాగా ఉన్నారు. తీరా ఇవాళ పొద్దున్నే మేస్త్రీ మెగిన్ వచ్చి సరిగ్గా ఈ గోతి పక్కనే గునపం దింపాడు. పాపిష్టివాడు!

ఆమె మొదటి గంప అంచున కుమ్మరించింది.

“అలా కాదమ్మా, లోపలికి పొయ్యి,” అన్నాడు మెగిన్. ఎంత తియ్యగా అన్నాడో!

“కాలు జారుతుందయ్యా.”

“జారితే మేం లేమా? పొయ్యి తల్లీ.”

పోసింది. కొమ్మలు కదిలాయి. కింద నుంచి దగ్గు కూడా వినిపించలేదు.

“మొగుడు పారిపోయినా దీని చెయ్యి ఆగట్లేదే!” అని ఆడవాళ్ళు నవ్వారు.

నోరు విప్పితే దొరికిపోతాడు. విప్పకపోతే సమాధైపోతాడు. ఇంతలో మగవాళ్ళు పెద్ద గంపలు తెచ్చి గుమ్మరించారు. కొమ్మలు ఫెళ్ళున విరిగాయి.

“ఆపండి! లోపల నా మొగుడున్నాడు!”

గోతిలోకి దూకి గోళ్ళతో తవ్వింది. కొమ్మల కింద తనిచ్చిన రొట్టెలో సగం ముక్క దొరికింది. మనిషి లేడు.

“వాణ్ణి నిన్ననే ఈ గోతిలోనే పట్టుకున్నాం. పారిపోయినందుకు కొరడా దెబ్బలు, అంతే,” అన్నాడు మెగిన్. “తన పెళ్ళానికేమీ తెలియదని గుళ్ళో పునీతుడి ఎముకల పెట్టె మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు. నాకే నమ్మబుద్ధి కాలేదు.”

దొంగ ఒట్టేసిన చేతిని నరికేస్తారు. అది తెలియనివాళ్ళు ఆ అడవిలో లేరు.

“ఊరికే అన్నానయ్యా! నాకేం తెలియదు! పిచ్చిదాన్ని!”

“ఇంతమంది విన్నారు కదమ్మా.”

నవ్విన ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

“ఏ చెయ్యి పెట్టాడయ్యా?”

“ఎడమచేత్తో ఎవరైనా ఒట్టేస్తారా?” అంటూ మెగిన్ ఖాళీ గంప ఆమె ముందుకు విసిరాడు. “పైకి రా. సాయంత్రంలోగా ఈ గొయ్యి పూడాలి.”

ఆమె రొట్టెముక్క ఒడిలో దాచుకుని పైకెక్కింది. గంప నింపుకుంది.