చార్జింగ్ పెట్టె ముందు చెప్పులు

పాత బండిని ముక్కలుగా కోసిన రోజు సీన్వన్ ఏడ్చిన ఏడుపు, ఆమె అత్తగారు పోయినప్పుడు కూడా ఏడవలేదని ఫాసాక్ ఊళ్లో ఇప్పటికీ అంటారు. నిజమే. అత్తగారితో ఆమెకు అంతగా పడేది కాదు. బండి సంగతి వేరు. మామగారి నాటి డీజిల్ బండి అది. వెనక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన రేకు కప్పు. ఆ కొండల్లో చాలామంది తల్లులు ఆసుపత్రికి వెళ్లింది ఆ బల్లల మీదే. ఒకరిద్దరు ఆసుపత్రి దాకా ఆగలేక బల్ల మీదే కన్నారు కూడా.

కరెంటు బండి తీసుకునేవాళ్లకు ప్రభుత్వం సాయం చేస్తుంది, కానీ పాత బండిని కళ్లముందే కోయించాలి అన్నారు జిల్లా ఆఫీసువాళ్లు. సీన్వన్ మొగుడు కమ్‌మూన్ చాలా ఆలోచించాడు. వియంగ్ ఊళ్లో చార్జింగ్ పెట్టె కూడా పెడతామంటే అప్పుడు సరేనన్నాడు. కోసేముందు సీన్వన్ ఎర్ర సోడా సీసా, అరటిపళ్లు పెట్టి, స్టీరింగుకున్న దండ విప్పి, బండిలో ఉండి కాపాడే బండి తల్లిని బతిమాలుకుంది.

"అమ్మా, ఇందులోంచి దిగి ఆ తెల్లబండిలోకి రా తల్లీ. అందులో చప్పుడుండదు, బెదరకు."

"చప్పుడు లేకపోతే ఆవిడకేం, హాయిగా పడుకుంటుంది. బెదిరేది నువ్వే," అన్నాడు కమ్‌మూన్. అని ముక్కు చీదుకున్నాడు.

కొత్త బండికి గుడి పెద్ద భిక్షువు తెల్లటి గంధంతో చుక్కలు పెట్టాడు. జిల్లా అధికారి కమ్‌మూన్‌ను పక్కన నిలబెట్టుకుని ఫోటో తీయించుకున్నాడు. ఒక్క తావిన్ మాత్రం, వెనకింటి డీజిల్ బండివాడు, గోడమీంచి తొంగిచూసి నవ్వాడు.

"అన్నా, నీ బండికి ఆకలేస్తే వియంగ్ దాకా నడవాలి. నాదైతే చిల్లరకొట్లో సీసాతో డీజిల్ పోసినా తాగేసి కొండెక్కుతుంది."

"నీ బండి తాగుబోతని ఊరందరికీ తెలుసులేరా. దగ్గు వినపడుతూనే ఉంటుంది!"

తావిన్‌తో కలిసి ఊరంతా నవ్వింది. మొదటి వానాకాలం అలా నవ్వులతోనే గడిచింది.

కొండకింద థామై సంతలో బండ్లకో కట్టుబాటుంది. ఎవరి వరుస వాళ్లది, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. వరుస పెద్ద ప్రసోంగ్ గంట కొట్టగానే ముందున్న బండి కదలాలి. గంట కొట్టినప్పుడు బండి తన చోట లేకపోయినా, జనం ఎక్కాక కదలకపోయినా తప్పే. తప్పులు పేరుకుంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఫాసాక్ దారిలో కమ్‌మూన్ చోటు అతని తండ్రి సంపాదించింది. ఆ ఇంటికి పొలం లేదు, తోట లేదు. ఉన్నది ఆ చోటే.

చార్జింగ్ పెట్టేమో సంతకు అవతల, వియంగ్‌లో, జిల్లా ఆఫీసు పక్కన రేకుల పందిరి కింద ఉంది. పెట్టె ఒకటి, బండికి తగిలించే తీగ ఒకటి. మొదట్లో కమ్‌మూన్, ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. తర్వాత చుట్టుపక్కల కరెంటు బండ్లన్నీ అక్కడికే చేరాయి. అప్పుడు జనం ఆసుపత్రిలో చేసేదే అక్కడా చేశారు. చెప్పులు విడిచి వరుసగా పెట్టి, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. తన వంతు వచ్చేసరికి బండితో వస్తే చాలు. ఒకరి చెప్పులు ఇంకొకరు జరపరు. పందిరి పక్కన జిగురన్నం, మిరపకాయ పచ్చడి అమ్ముకునే సీన్వన్ ఆ చెప్పులకు కాపలా. తీగతో కుట్టిన నీలం చెప్పులు కమ్‌మూన్‌వి.

ఇంటి దగ్గర చార్జింగ్ పెడదామంటే ఊరి కరెంటు తీగ సన్నం. పెట్టిన రెండోరోజే వీధంతా చీకటైంది. ఎవరింట్లోనో ఫ్రిజ్‌లో చేపలు కుళ్లాయి. సందంతా వచ్చి గుమ్మం ముందు నిలబడింది. మళ్లీ పెట్టలేదు.

ఇంతలో పైన ప్రభుత్వం మారింది. పెట్టె పాడైతే బాగుచేయడానికి వారాలు పట్టేది. కరెంటు ఆఫీసువాళ్లు స్తంభం మాది, పెట్టె మాది కాదన్నారు. జిల్లా ఆఫీసువాళ్లు పెట్టె ఇంకా మా చేతికి రాలేదన్నారు. చివరికి, వాడకం తక్కువున్న పెట్టెలన్నీ తీసి పెద్ద రోడ్లకు మారుస్తారని, బాంకాక్ నుంచి చూడటానికి మనిషి వస్తాడని తెలిసింది. ఏ రోజో ఎవరికీ తెలియదు.

అప్పటికే కమ్‌మూన్ చార్జింగ్ వంతు కోసం వియంగ్‌లో ఉండి సంతలో వరుస తప్పాడు, ఒకసారి కాదు. ప్రసోంగ్ పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, మీ నాన్న నన్ను భుజాన మోసినవాడు. అయినా మిగతావాళ్లు ఊరుకోవడం లేదు. ఇంకొక్కసారి తప్పితే నా చేతుల్లో ఉండదు."

"ఇక్కడ కూడా చెప్పులు పెడతాలే అన్నా. వాటిని చూసి గంట కొట్టు."

"పెట్టు. జనం నీ చెప్పులెక్కి కొండెక్కుతారు!"

ఇద్దరూ నవ్వారు. ప్రసోంగ్ ముందుగా నవ్వు ఆపేశాడు.

బాంకాక్ అధికారి వచ్చిన రోజు పొద్దున వియంగ్‌లో కరెంటు పోయింది. బండ్లవాళ్లందరూ చెప్పులు పెట్టి తలో దిక్కూ పోయారు. పందిరి కింద బండి అనేదే లేదు. ఆడ డ్రైవర్ల చెప్పులు, మగ డ్రైవర్ల చెప్పులు, ఎవరివో రబ్బరు బూట్లు పెట్టె ముందు నుంచి రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. కారు దిగిన కుర్ర అధికారి పెట్టెను ఫోటో తీస్తుంటే సీన్వన్ అన్నం బుట్ట వదిలేసి పరుగెత్తింది.

"బాబూ, ఇవన్నీ బండ్లే! ఒక్కో జత ఒక్కో బండి. కాసేపాగు, అందరూ వస్తారు."

"నాకు తెలుసు పిన్నీ. మా అమ్మ కూడా ఆసుపత్రిలో ఇలాగే పెట్టేది," అన్నాడా అబ్బాయి మెత్తగా. "కానీ నన్ను ఆగి ఉన్న బండ్లను చూడమన్నారు. చెప్పుల ఫోటో పంపిస్తే నవ్వుతారు. కాసేపు ఆగుతాను. ఇంకా రెండు ఊళ్లు తిరగాలి నేను."

సీన్వన్ మొగుడికి ఫోన్ చేసింది. "వెంటనే రా. ఒక్క బండైనా కనపడాలి. ఆ పెట్టె పోతే మనం ఏమైపోతాం?"

అక్కడ సంతలో కమ్‌మూన్ బండి వరుసలో ముందుంది. బల్లల నిండా జనం ఎక్కి కూర్చున్నారు. కళ్లకు ఆపరేషన్ చేయించుకున్న ముసలామె ఒకావిడ, వెదురు కొమ్ముల బుట్టలు, కోళ్లు. ప్రసోంగ్ చేయి గంట తాడు మీద ఉంది. బయల్దేరితే వరుస దక్కుతుంది, పెట్టె పోతుంది. పెట్టె పోయాక వరుసతో పనేముంది? కానీ వియంగ్ వెళితే వరుస ఇప్పుడే పోతుంది. కమ్‌మూన్ స్టీరింగు మీది దండను తాకి, దిగి వెనక్కొచ్చాడు.

"దిగండమ్మా. దయచేసి దిగండి."

"ఏమొచ్చిందిరా నీకు?" అంది ముసలామె, కట్టు కట్టిన కళ్లతో అతనున్న వైపు వెతుకుతూ.

అందరూ దిగాక అతను ఎక్కి బండిని వియంగ్ వైపు తిప్పాడు. వెనక గంట మోగింది. అద్దంలో చూశాడు. బుట్టలు పట్టుకుని జనం తావిన్ బండెక్కుతున్నారు. తావిన్ మాత్రం నవ్వడం లేదు.

దారిలో సగానికి వచ్చేసరికి బండి ముందు తాబేలు బొమ్మ వెలిగింది. ఛార్జి అడుగంటితే ఆ బండి అలాగే అంటుంది, ఇక నాకు పరుగు చేతకాదని. కమ్‌మూన్ తొక్కుతున్నాడు, బండి పాకుతోంది. సైకిలు మీద కొత్తిమీర అమ్మేవాడు దాటి వెళ్లిపోయాడు. చేరేసరికి పందిరి ఖాళీ. సీన్వన్ చెప్పుల పక్కన నేలమీద కూర్చుని ఉంది.

"చాలాసేపు ఆగాడు. పచ్చడి కూడా తిన్నాడు. మంచి పిల్లాడే."

ఆ చివరి మాటకే కమ్‌మూన్ ఎక్కువ కుంగిపోయాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

చలికాలం రాకముందే పెట్టెను విప్పి లారీలో పట్టుకుపోయారు. ఫాసాక్ దారి వరుస తావిన్‌కు ఇచ్చారు. కరెంటు బండి పెరట్లో పట్టా కింద ఉంది. ఎవరూ కొనరు. దాన్ని నడిపే దారి ఎవరికీ లేదు. కోళ్లు దాని కింద పొదుగుతున్నాయి. సీన్వన్ ఇప్పటికీ దాని ముందు ఎర్ర సోడా పెడుతుంది.

"ఇంకెక్కడికి పొమ్మంటాం ఆవిణ్ణి?" అంటుంది.

కమ్‌మూన్ అప్పుడప్పుడు తావిన్ బండిలో వియంగ్ వెళతాడు. ముందు కూర్చో అన్నా అని తావిన్ ఎంత పిలిచినా వెనక బల్ల మీదే కూర్చుంటాడు. అలా వెళ్లిన ఓ రోజు పందిరి దగ్గర ఒక కొత్త కరెంటు కారు ఆగి ఉంది. లోపల పిల్లలు ఏడుస్తున్నారు. కారాయన ఫోన్ చూపించాడు.

"పెద్దాయనా, ఇక్కడ చార్జింగ్ ఉందని చూపిస్తోంది. ఎక్కడ?"

సిమెంటులోంచి నాలుగు బోల్టులు పైకి లేచి ఉన్నాయి. వాటి ముందు చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ఎండకు వెలిసి, వానకు మట్టి పట్టి, వరుస మాత్రం చెదరలేదు. పెట్టె లేకపోయినా ఎవరి వంతు వాళ్లదే అన్నట్టు ఒక్కరూ తీసుకెళ్లలేదు.

"ఇక్కడే," అన్నాడు కమ్‌మూన్.

కారాయన బోల్టుల వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

కమ్‌మూన్ వంగి, వరుసలోంచి తన నీలం చెప్పులు తీసుకున్నాడు. మట్టి దులిపి, చంకలో పెట్టుకుని, రోడ్డు పక్కకు వచ్చి నిలబడ్డాడు. తావిన్ బండి తిరిగి రావడానికి ఇంకా చాలా పొద్దుంది.